చిన్నోడు కనబడటం లేదు

మా బావకు మిగులు అంటే గిట్టదు. కంచంలో మెతుకు మిగలకూడదు, సీసాలో నూనె చుక్క మిగలకూడదు, మాటల్లో ఎదుటివాడికి మర్యాద మిగలకపోయినా ఫరవాలేదు. కొత్త గ్లాసు కొంటే దాని మీది చీటీ ఊడదీసి, ఆ జిగురు పోయేదాకా గోరుతో గీకి, తడిగుడ్డతో తుడిచి, వెలుతురులో ఎత్తి చూసి, మళ్లీ గీకుతాడు. ఆ గ్లాసుతో మంచినీళ్లు తాగాలంటే మా అక్క మర్నాటిదాకా ఆగాలి. ఇలాంటి మనిషి చేతికి ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే పని వచ్చింది. కంప్యూటర్లకు నోరు లేదు కాబట్టి సరిపోయింది.

ఆ పనిలో బావకు ఒక ప్రత్యేకత ఉంది. తీసేసిన సాఫ్ట్‌వేర్ల తాలూకు మిగుళ్లు ఏరి పారేయడం. కంప్యూటర్‌లోంచి ఏదైనా తీసేస్తే అది పూర్తిగా పోదట. అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసినట్టు పోతుందట. సామానంతా బండి ఎక్కినా గోడకు మేకులుంటాయి, వాళ్ల పేరు మీద ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఆ ఉత్తరాల్లాంటివే మనకు కనబడే ఎర్రర్లు. పొద్దున్నే మిషన్ ఆన్ చేయగానే ఫలానాది కనబడటం లేదు అంటూ తెర మధ్యలో ఒక గడి తెరుచుకుంటుంది. ఉన్నన్నాళ్లూ పట్టించుకోకుండా పోయాక వెతుక్కోవడం మనుషులకే ఉందనుకున్నాను. మిషన్లకూ ఉంది.

ఆ గడి రాకుండా చేశాక బావ కుర్చీ వెనక్కి జరిపి, చేతులు దులుపుకుని, “నిశ్శేషంగా తీసేశానండీ” అంటాడు. ఆ మాట ఎక్కడ పట్టాడో తెలియదు గానీ, వీధిలో అందరూ ఆయన్ని నిశ్శేషం అనే అంటారు. వెనకాల మాత్రమే. ఎదురుపడితే సార్ అంటారు.

ఆయన పద్ధతి మహా తేలిక. వెతికే గడిలో ఆ సాఫ్ట్‌వేర్ పేరు కొడతాడు. ఆ పేరుతో మిషన్‌లో ఎక్కడ ఏది కనబడితే అది పీకేస్తాడు. అదేమిటి, ఎందుకుంది, దాన్ని ఎవరు పిలుస్తున్నారు అని ఆరా తీయడు. పేరు దొరికితే చాలు, దాని పని అయిపోయినట్టే. నిజం చెప్పాలంటే చాలాసార్లు ఈ పద్ధతి పనిచేస్తుంది. పనిచేయనప్పుడు మిషన్ పాతదైపోయిందని చెప్పి వచ్చేస్తాడు.

అలా వచ్చేశాక వెనకాలే వెళ్లి, పీకకూడనివి మళ్లీ పెట్టి, కస్టమర్‌ను బుజ్జగించి వచ్చే పని చిన్నోడిది. చిన్నోడంటే బావ తమ్ముడు, అక్కకు మరిది. అసలు పేరు ఒకటి ఉంది గానీ అది బడి రికార్డులకు తప్ప ఇంకెక్కడా ఉపయోగపడలేదు. బావ చిన్నప్పుడు పిలిచిన పిలుపే అందరి నోటా నిలిచిపోయింది. దుకాణంలో ముందు గది బావది, వెనక గది చిన్నోడిది. మాటలు ముందు గదిలో, పని వెనక గదిలో జరిగేవి.

చిన్నోడు ఒకసారి కస్టమర్ల కోసం ఒక బుల్లి ప్రోగ్రామ్ రాశాడు. పొద్దున్నే ఎవరైనా తమ పని తెరవడానికి తెర మీది బొమ్మ నొక్కితే, ముందు ఆ ప్రోగ్రామ్ లేచి, నిన్నటి పనంతా ఇంకో చోట కాపీ చేసి పెట్టి, అప్పుడు వాళ్ల పని తెరుస్తుంది. మిషన్ చెడినా కాపీ ఉంటుందన్నమాట. అందులో మాటలన్నీ తెలుగులోనే రాశాడు. దీనికేం పేరు పెడదామని బావ అడిగితే, “నువ్వు నన్ను పిలిచేదే పెట్టేశానన్నా” అన్నాడు. ఆ రోజు బావ మురిసిపోయిన తీరు చూడాలి. కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. “మా చిన్నోడు మీ మిషన్‌లో కాపలా ఉంటాడండీ. మీరు నిశ్చింతగా పడుకోండి.”

ఆ కాపలా పెట్టుకున్నవాళ్లలో అందరికంటే పెద్దది నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్. రిపోర్టులు చేతికిచ్చే కౌంటర్ నాది. మా మేడమ్‌ను బతిమాలి ఆ పని బావకు ఇప్పించింది నేనే. అక్క ఇల్లు గడిచేది దాదాపుగా ఆ ల్యాబ్ మీదే. మిగతా కస్టమర్లు పలకరింపులకు ఎక్కువ, పనికి తక్కువ. ల్యాబ్ చేజారితే బావ షట్టర్ దించుకోవాల్సిందేనని ఆయనకూ తెలుసు, అక్కకూ తెలుసు, నాకైతే మరీ తెలుసు. ఎందుకంటే పొద్దున లేస్తే మేడమ్ మొహం చూడాల్సింది నేను.

ఇంత బాగా నడుస్తున్నది ఒక ఫొటో స్టూడియోలో చెడింది. అక్కడ ఏదో పాత సాఫ్ట్‌వేర్ మిగుళ్లని తుడుస్తూ, బావ ఆ ఫొటోగ్రాఫర్ ఏళ్ల తరబడి సరిచేసుకున్న రంగుల సెట్టింగులన్నీ తుడిచేశాడు. ఆ తర్వాత స్టూడియోలో ఎవరు ఫొటో దిగినా కామెర్లొచ్చినట్టు పచ్చగా పడుతున్నారు. చిన్నోడు వచ్చి చూసి, కస్టమర్ ఎదురుగానే, “అన్నా, ఇది మిగులు కాదు. పనిచేస్తున్నది. నువ్వే పాడుచేశావు” అన్నాడు.

ఇంటికొచ్చి బావ ఇల్లు పీకి పందిరేశాడు.

“కస్టమర్ ముందు అన్నను పట్టుకుని పాడుచేశావంటాడా?”

“పాడుచేయలేదా మరి?” అంది అక్క.

“అది వేరే సంగతి.”

అక్కకు అర్థమైంది, నాకూ అర్థమైంది. తప్పు చేసినందుకు కాదు ఆయన బాధ, దానికి సాక్షి ఉన్నందుకు. ఆ వారమంతా చిన్నోడు ముందు గదిలోకి వస్తే బావ రోడ్డు మీదికి వెళ్లి నుంచునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. చివరికి ఒకరోజు చిన్నోడు తన స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని, వదినకు చెప్పి, ఊరికి ఆ చివర ఏదో ఆఫీసులో ఉద్యోగానికి చేరిపోయాడు. పోతూ పోతూ అన్న వైపు చూశాడట. అన్న అప్పుడు తెర మీద దుమ్ము తుడుస్తున్నాడట.

ఆ మర్నాటినుంచి బావ తనకు బాగా వచ్చిన పని మొదలుపెట్టాడు. బోర్డు మీద ‘బ్రదర్స్’ అన్న మాట మీద రంగు కొట్టాడు. ఫోన్‌లోంచి నంబరు తీసేశాడు. దుకాణం తెరిచిన రోజు ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫొటో గోడకుండేది. దాన్ని దించి, చిన్నోణ్ణి కత్తెరతో కత్తిరించి, మిగిలింది మళ్లీ తగిలించాడు. తీరా చూస్తే బావ భుజం మీద చిన్నోడి చెయ్యి మిగిలిపోయింది. అది కనబడుతున్నంతసేపూ ఆయనకు ముద్ద దిగలేదు. గోరుతో గీకాడు. ఇప్పుడా ఫొటోలో బావకు ఒక భుజం లేదు. వచ్చినవాళ్లు ప్రమాదం ఎప్పుడు జరిగిందని అడుగుతున్నారు.

ఇంట్లో ఆ పేరు ఎత్తడానికి లేదు. అక్క పొరపాటున “మీ తమ్ముడు” అంటే, “ఎవరు?” అనేవాడు. ఇంతటితో ఆగినా బాగుండేది. ఆగితే ఆయన నిశ్శేషం ఎలా అవుతాడు? కస్టమర్లందరి దగ్గరికీ బండేసుకుని బయల్దేరాడు. ఎవరూ పిలవలేదు. “ఊరికే ఒకసారి క్లీన్ చేసిపోదామని వచ్చానండీ, డబ్బులేమీ వద్దు” అన్నాడు. ఊరికే వస్తానంటే ఎవరు వద్దంటారు? ఒక్కొక్క మిషన్ ముందూ కూర్చుని, వెతికే గడిలో తమ్ముడి పేరు కొట్టి, ఆ పేరుతో ఉన్న ఫోల్డర్ పీకేసి, చేతులు దులుపుకున్నాడు. మా ల్యాబ్‌లో పీకుతున్నప్పుడు నేను చూశాను. పన్ను పీకించుకుంటున్నది ఆయనే అన్నట్టుంది మొహం.

మర్నాడు పొద్దున్నే కౌంటర్‌లో కూర్చుని మిషన్ ఆన్ చేసి, రిపోర్టుల బొమ్మ నొక్కాను. తెర మధ్యలో గడి తెరుచుకుంది.

‘చిన్నోడు కనబడటం లేదు. పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకుని మళ్లీ ప్రయత్నించండి.’

సంగతేమిటంటే, బావ పీకింది కాపీ చేసే ప్రోగ్రామ్‌నే. దాన్ని పొద్దున్నే నిద్రలేపే భాగం వేరే ఉంది. దానికి వేరే పేరుంది కాబట్టి వెతికే గడికి దొరకలేదు. అది రోజూలాగే లేచి, చిన్నోణ్ణి పిలిచి, పలక్కపోయేసరికి ఆ ముక్క చెప్పి, ఓకే కొడితే దాని మానాన అది రిపోర్టులు తెరిచేస్తోంది. మా ఒక్క ల్యాబ్‌లోనే కాదు. పళ్ల డాక్టర్ దగ్గర, పుస్తకాల కొట్లో, ఫొటో స్టూడియోలో, బావ క్లీన్ చేసిన ప్రతిచోటా అదే. ఊళ్లో సగం మిషన్లు పొద్దున్నే లేచి చిన్నోడు కనబడటం లేదని మొత్తుకుంటున్నాయి.

బావ ఫోన్ ఆ పూటంతా మోగుతూనే ఉంది. పుస్తకాల కొట్టు ముసలాయనకు ఇవేమీ తెలియవు, నిజంగానే కంగారుపడ్డాడు. “ఎప్పట్నుంచి కనబడట్లేదయ్యా? ఇంట్లో ఏమైనా అన్నారా?” అని అడిగాడు. ఫొటోగ్రాఫర్‌కు అన్నీ తెలుసు. ఆయన మాత్రం రోజూ ఫోన్ చేసి, “సార్, ఇవాళ కూడా రాలేదండీ మీవాడు” అని చెప్పి పెట్టేసేవాడు. అందరికీ బావ సమాధానం ఒకటే.

“ఓకే కొట్టండి, అదే పోతుంది.”

ఓకే కొడితే ఆ పూటకు పోయేది. మర్నాడు మళ్లీ వచ్చేది. నాకైతే రోజూ ఆ గడి చూసి ఓకే కొట్టడం ఎంత చిరాగ్గా ఉండేదో చెప్పలేను. ఒక మనిషి లేడని రోజూ నాచేత ఒప్పిస్తున్నట్టుండేది. కౌంటర్ ముందు నుంచున్న పేషెంట్లు కూడా చదివేవారు. ఒకావిడ, “పాపం, ఎవరమ్మా ఆ పిల్లాడు?” అంది. పిల్లాడు కాదండీ, గడ్డం కూడా ఉందని చెప్పాను.

కొన్నాళ్లు చూసి చూసి మేడమ్ బావను పిలిపించింది. ఆవిడ గొంతు పెంచదు. ఆవిడ గొంతు పెంచితే బాగుండునని అందరం కోరుకుంటాం.

“ల్యాబ్ తనిఖీకి మనుషులొస్తున్నారు. వాళ్లొచ్చేసరికి నా తెర మీద తప్పిపోయినవాళ్ల ప్రకటనలు ఉండకూడదు.”

“ఇవాళే తీసేస్తాను మేడమ్. నిశ్శేషంగా.”

“బావా, ఒక్కసారి అతణ్ణి అడక్కూడదా?” అన్నాను మెల్లగా. “ఎవర్ని?” అన్నాడు. సరే, నీ ఖర్మ అనుకుని టీ తెచ్చుకోవడానికి వెళ్లాను. నేను వచ్చేసరికి పని అయిపోయింది. ఆ పేరు తగిలిన ప్రతి ముక్కా, సెట్టింగులతో సహా, మిషన్ అడుగునుంచి గాలించి పీకేశాడు. కుర్చీ వెనక్కి జరిపి, చేతులు దులుపుకున్నాడు.

“కొట్టు మరదలా, చూద్దాం.”

రిపోర్టుల బొమ్మ నొక్కాను. ఎర్రర్ గడి రాలేదు. రిపోర్టులూ రాలేదు. ఇంకోసారి నొక్కాను. తెర గుడ్లప్పగించి చూస్తోంది. ఇంతకు ముందు కనీసం గొణిగి తెరిచేది, ఇప్పుడు గొణగడం కూడా మానేసింది.

అప్పటికే కౌంటర్ ముందు జనం పేరుకుంటున్నారు. ముందున్న పెద్దాయనకు మర్నాడు ఆపరేషన్. ఆ పూట డాక్టర్‌కు రిపోర్టు చూపించకపోతే ఆపరేషన్ వాయిదా అట. చెమటలు తుడుచుకుంటూ నా వైపే చూస్తున్నాడు. మేడమ్ వచ్చి తెర చూసింది, బావను చూసింది.

“మిషన్ పాతదైపోయింది మేడమ్,” అన్నాడు బావ.

“దీన్ని కొత్తది అని చెప్పి నాకు అమ్మింది మీరే.”

బావ తెర అంచున లేని దుమ్ము తుడిచాడు.

“మధ్యాహ్నం లోపల ఇది తెరుచుకోవాలి,” అంది మేడమ్. “లేకపోతే వేరేవాళ్లను పిలుస్తాను. తర్వాత మీరు రానక్కర్లేదు. మీ మరదలి మొహం చూసి కూడా ఇంక ఊరుకోలేను.”

బావ మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాడు. వెతికే గడిలో ఆ పేరు కొట్టాడు. ఏమీ లేదు అని వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ జవాబు చూసి ఆయన మొహం పాలిపోయింది. మళ్లీ కొట్టాడు. ఎక్కడైనా ఒక ముక్క మిగిలి ఉంటే బాగుండునని వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. చూస్తుంటే జాలేసింది, ఒక్క లెంపకాయ ఇవ్వాలనీ అనిపించింది. రెండూ కలిపి చేసే వీలు లేక బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను.

“చిన్నోడి నంబరు ఎవరి దగ్గరైనా దొరుకుతుందా అక్కా?”

“నా దగ్గరుంది. నిన్న కూడా మాట్లాడాను.”

“బావ తీసేశాడన్నావు కదా?”

“ఆయన ఫోన్‌లోంచి తీసేశారు. నా ఫోన్ ఆయనకు ఎప్పుడిచ్చాను?” అంది అక్క. సంగతంతా నాచేత చెప్పించుకుంది. తర్వాత, “నేను వాడికి చెబుతాను. నీ ఫోన్‌కే చేస్తాడు, పెట్టుకో” అంది.

నేను లోపలికి వచ్చేలోగానే ఫోన్ మోగింది. బావకు చూపించాను.

“నేను వాడితో మాట్లాడను.”

“మాట్లాడకు బావా. వాడు మాట్లాడతాడు, నువ్వు విను.”

ఫోన్ స్పీకర్‌లో పెట్టి కౌంటర్ మీద ఉంచాను. బావ అలవాటుకొద్దీ కీబోర్డు వైపు చెయ్యి చాచాడు. మేడమ్ ఆ కీబోర్డును తన వైపు లాక్కుంది.

“మీరు ముట్టుకోకండి. అక్కడ నుంచోండి. ఏం కొట్టాలో చెబితే నేను కొడతాను.”

అలా మా నిశ్శేషం బావ తన మరదలి ముందు, కౌంటర్ నిండా ఉన్న పేషెంట్ల ముందు, చేతులు వెనక్కి కట్టుకుని గోడ పక్కన నుంచున్నాడు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

చిన్నోడు అటునుంచి మేడమ్‌కు నమస్కారం చెప్పి, మిషన్ ఏం చేస్తోందో అడిగి తెలుసుకున్నాడు. పాత గొంతే, పాత నిదానమే. “మేడమ్, నా ప్రోగ్రామ్ లేకపోయినా ఆ సంగతి చెప్పి, ఆగకుండా ముందుకెళ్లమని ఒక చిన్న సెట్టింగ్ రాసి పెట్టాను. అది ఉందేమో చూస్తారా?”

మేడమ్ బావ వైపు చూసింది. బావ పైనున్న ఫ్యాను వైపు చూశాడు.

“అది లేదు,” అన్నాడు ఫ్యానుతో.



“తీసేశావా అన్నా?”

“ఊఁ.”

“దాని మీదా నా పేరే ఉందనా?”

బావ ఫ్యాను వైపే చూస్తున్నాడు.

“నేను లేకపోయినా నీ కస్టమర్లకు పని ఆగకూడదని పెట్టానన్నా అది,” అన్నాడు చిన్నోడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. “దాన్ని కూడా తీసేశావా.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనుంచి ఆపరేషన్ పెద్దాయన, “ఇంకెంతసేపమ్మా?” అన్నాడు. ఆయన బాధ ఆయనది.

చిన్నోడు పని మాటలోకి వచ్చాడు. “సరే, అసలుది సాయంత్రం వచ్చి నేను పెడతాను. ఇప్పటికి తెరుచుకుంటే చాలు కదా. మేడమ్, నేను చెప్పే చోట ఒక కొత్త ఫోల్డర్ చేయండి. ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. అది ఉందా లేదా అనే చూస్తుంది, ఉంటే తెరిచేస్తుంది. పేరు మాత్రం ముందున్నదే ఉండాలి.”

మేడమ్ అతను చెప్పిన చోటికి వెళ్లి, ఫోల్డర్ చేసింది. పేరు కొట్టబోయి ఆగింది.

“పేరు అన్నను చెప్పమనండి మేడమ్,” అన్నాడు చిన్నోడు. “పెట్టింది ఆయనే.”

ఆ పేరు మేడమ్‌కు తెలియక కాదు. ఇన్నాళ్లుగా రోజూ ఆ తెర మీదే చదువుతోంది. నాకు తెలుసు. కౌంటర్ ముందు నుంచున్న పేషెంట్లలో సగం మందికి తెలుసు. ఎవరైనా ఒక్క ముక్క అంటే అయిపోయేది. ఎవరూ నోరు విప్పలేదు. మేడమ్ కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని, తల తిప్పి బావ వైపు చూస్తూ కూర్చుంది. ఇంత తీరిక ఆవిడకు ఉండటం ఎప్పుడూ చూడలేదు నేను.

బావ ఒకసారి గుమ్మం వైపు చూశాడు. వెళ్లిపోతాడేమో అనుకున్నాను. ల్యాబ్ గుర్తొచ్చిందో, అక్క గుర్తొచ్చిందో, ఇంకేం గుర్తొచ్చిందో, కదల్లేదు. పెదాలు కదిలాయి గానీ మాట పైకి రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు.

“చిన్నోడు,” అన్నాడు నేల చూపులు చూస్తూ.



“ఇంకోసారి చెప్పన్నా. సరిగ్గా వినబడలేదు.”

మా కౌంటర్ దగ్గర సిగ్నల్‌కు ఏ లోటూ లేదు. వినబడిందని బావకు తెలుసు. బావకు తెలుసని వాడికీ తెలుసు. బావ మొహం ఎర్రబడింది, తర్వాత ఏదోలా అయిపోయింది. రక్తం తీసే గదిలోకి కూడా వినబడేంత గట్టిగా అన్నాడు.

“చిన్నోడూ. చిన్నోడు. వినబడిందట్రా?”

“వినబడిందన్నా.”

మేడమ్ పేరు కొట్టింది. నేను బొమ్మ నొక్కాను, రిపోర్టులు తెరుచుకున్నాయి. ఆపరేషన్ పెద్దాయన కాగితం అన్నిటికంటే ముందు తీసి ఇచ్చాను. ఆయన మాట కూడా అనకుండా పరుగెత్తాడు. వరసలో వాళ్లు ఒక్కొక్కరే ముందుకు జరిగారు, మేడమ్ లేచి లోపలికి వెళ్లిపోయింది.

బావ మాత్రం గోడ వదిలి కౌంటర్ దగ్గరికొచ్చి, ఫోన్ చేతిలోకి తీసుకుని, మాకు వీపు తిప్పి నుంచున్నాడు. ఏమీ మాట్లాడటం లేదు. అవతల వాడూ మాట్లాడటం లేదు. అలాగని ఇద్దరిలో ఒక్కరూ పెట్టేయడం లేదు. ఆ ఫోన్ నాది, అవతల నాకు వేరే ఫోన్లు రావాల్సి ఉన్నాయి. అడగడానికి నాకు నోరు రాలేదు.